నెలకో మంచి పని పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్న పోయి 8 నెలలైంది. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి పేపర్లన్నీ చదివి వచ్చేవారు. కిడ్నీలు పాడై చివరి రెండేళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. రెండుసార్లు రక్తం ఎక్కించారు, ఇచ్చినవాళ్ళెవరో కూడా మాకు తెలియదు. మాసికాలు తమ్ముడు పెడుతున్నాడు. నేను ఆడపిల్లని కాబట్టి వెళ్ళి కూర్చుని భోంచేసి రావడమే. నాన్న పేరు మీద నేనూ ఏదైనా చెయ్యాలనిపించి, హైదరాబాదులో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం జీతంలో నెలకి 3,000 తీసి, ప్రతి నెలా ఒక్కో మంచి పనికి ఇద్దామనుకుంటున్నాను. మా ఆయన మాత్రం, ఇలా చిల్లర చిల్లరగా పంచితే ఎవరికీ ఏమీ కాదు, ఒక్కచోటే ఇవ్వు అంటున్నారు. ఎవరిది కరెక్టు? పనులు ఎలా ఎంచుకోవాలి? మోసపోకుండా ఉండేదెలా?

జవాబు:

అమ్మా, వయసులో నా కూతురి ఈడుదానివి కాబట్టి నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. నేను గవర్నమెంటు ఆసుపత్రుల్లో 34 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మాది కోనసీమ, ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాం. 2012లో మా అమ్మ పోయింది. మాసికాలు మా అన్నయ్య పెట్టాడు. వెళ్ళి కూర్చుని భోంచేసి రావడమే అని రాశావు చూడు, ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఆ ఏడాదంతా నేనూ అలాగే వెళ్ళి వచ్చాను.

మూడో మాసికం నాడు మా వదినతో కలిసి స్వయంపాకం సర్దుతున్నాను. బియ్యం, కందిపప్పు, చింతపండు, నాలుగు రకాల కూరగాయలు, చిన్న గిన్నెలో నెయ్యి. ఇలాంటిదే ఇంకో పళ్ళెం నేను సర్ది వేరే ఎవరికైనా ఇస్తే కాదనేదెవరు అనిపించింది. ఆ వారం మా వార్డులోంచి డిశ్చార్జి అయిన ఒక ముసలమ్మకి అవే సరుకులు కొని సంచిలో పెట్టి ఇచ్చాను. అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి మాసికాలు అయిపోయాయి, నాది మాత్రం ఆగలేదు. శాస్త్రం ప్రకారం ఇది మాసికం అవుతుందా అని నన్ను అడగకు, నాకు తెలియదు. మీ తమ్ముడు పెట్టేది వాడు పెడతాడు, నువ్వు చేసేది నువ్వు చెయ్యి. రెండిటికీ పోటీ పెట్టకు. తిథి కూడా చూసుకోవద్దు, జీతం పడిన మర్నాడు చూసుకో. తిథి కోసం ఆగితే ఈలోపు డబ్బు ఖర్చయిపోతుంది. అనుభవంతో చెబుతున్నాను.

ఇక మీ ఆయన సంగతి. ఆయన మాటని కొట్టిపారెయ్యకు. మా కోనసీమలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఉండేవారు. 1909లో పోయారు. అర్ధరాత్రి తలుపు తట్టినా వండి పెట్టిన మనిషి. ఆవిడ నెలకో పని పెట్టుకోలేదు. ఒకే పని పట్టుకుని జీవితమంతా చేశారు, అందుకే వందేళ్ళు దాటినా ఆంధ్రప్రదేశ్‌లో బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నారు. కాబట్టి ఒక్కచోటే ఇవ్వు అనేవాళ్ళ వెనకాల గట్టి సాక్ష్యమే ఉంది. మనది ఉడతాభక్తి. ఉడతకి కూడా ఒక లెక్క ఉండాలి కదా, ఆ లెక్క నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

మొదలుపెట్టిన మూడో ఏడు జూన్‌లో చదువుకి ఇద్దామనుకున్నాను. మా ఆసుపత్రిలో ఊడ్చే ఆవిడ కూతురు ఇంటర్‌లో చేరింది. ఆ నెల హాస్టల్ ఫీజు 1,500 కట్టాను. ఆ తల్లి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, నాకు ఆ రోజంతా గాల్లో తేలినట్టుంది. జూలైలో నా వరస ప్రకారం వేరే పనికి ఇచ్చేశాను. ఆగస్టులో ఒకరోజు ఆవిడ డ్యూటీ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. డబ్బు అడగలేదు. 'అమ్మగారూ, మళ్ళీ మా పిల్ల నెల ఎప్పుడొస్తుందండీ?' అంది.

ఆ పిల్ల రెండేళ్ళ ఫీజూ తర్వాత నేనే కట్టాను. అది గొప్పతనం కాదు, సిగ్గుతో కట్టాను. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే. మనం ఇచ్చి వచ్చేశాక, అవతల ఎవరైనా వచ్చే నెల కూడా మన కోసం ఎదురుచూస్తారా? చూస్తారనిపిస్తే అది నెల పని కాదు. దాన్ని పట్టుకుంటే వదలకూడదు, వదిలేదైతే పట్టుకోకూడదు. పిల్లల చదువు, నెలనెలా మందులు, ఒంటరి ముసలివాళ్ళకి సరుకులు, ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. ఈ పనుల్లో నీ భర్త చెప్పిందే నూటికి నూరుపాళ్ళు నిజం. ఒకసారి ఇస్తే అక్కడితో పూర్తయ్యే పనులు వేరే ఉన్నాయి. రక్తం, ఎండాకాలం మంచినీళ్ళు, దుప్పట్లు, లైబ్రరీకి పుస్తకాలు, ఎవరిదో పరీక్ష ఫీజు, ఒక పూట భోజనం. ఇవి ఏ నెలలో ఎవరు చేసినా ఆ నెలకి నిండుగానే ఉంటాయి. నెలకొకటి మార్చుకోవడానికి ఇవి సరిపోతాయి.

అందుకని 3,000నీ రెండు ముక్కలు చెయ్యి. 2,000 నెలనెలా మారే పనికి. 1,000 మాత్రం కదపకుండా వేరే ఖాతాలో వెయ్యి. బ్యాంకులో ఆర్‌డీ కట్టుకున్నా సరే. ఏడాదికి 12,000 అవుతుంది. అది ఒక్కరికి, లేదా ఒక్కచోటికి, పూర్తిగా అయ్యేదాకా. నేను 2015 నుంచి ఇలాగే చేస్తున్నాను. మీ ఆయనకి కూడా ఈ 1,000 చూపిస్తే శాంతిస్తారు. ఆ ఒక్కచోటు ఏదో ఆయన్నే ఎంచమను.

పనులు ఎలా ఎంచుకోవాలన్నావు. ఫోన్‌లో ప్రపంచ ఫలానా దినోత్సవం అని వస్తాయి చూడు, వాటిని చూసి ఎంచుకోకు. నేను మొదటి ఏడాది అలాగే చేశాను. ఏ నెల ఎవరికిచ్చానో డిసెంబరులో గుర్తుచేసుకుంటే సగం గుర్తు రాలేదు. తర్వాత ఏడు ఒక నోట్‌బుక్ తీసి, మా ఇంటికి ఎవరెవరు ఏమేం చేశారో, మేము ఎవరికి ఏం చెయ్యలేకపోయామో రాసుకున్నాను. రెండోది ముఖ్యం. ఋణాల కన్నా, చెయ్యలేకపోయినవే మనిషిని ఎక్కువ కదిలిస్తాయి. 12 రాలేదు, 9 వచ్చాయి. మిగిలిన మూడు నెలలూ ఖాళీగా వదిలాను. వరదో, అగ్నిప్రమాదమో, తెలిసినవాళ్ళకి ఆపదో వస్తే వాడతాను. ఏదీ రాని ఏడు ఆ డబ్బు 1,000 ఖాతాలోకి పోతుంది. నువ్వూ ఒక సాయంత్రం మీ అమ్మగారి పక్కన కూర్చుని అడుగు. నాన్న జబ్బులో ఎవరు ఆదుకున్నారు, ఆటో డబ్బులు తీసుకోననేది ఎవరు, రాత్రిపూట తోడు పడుకుంది ఎవరు అని. ఆవిడకి కూడా ఆ మాటలు చెప్పుకోవడం అవసరం.

నా నోట్‌బుక్‌లో ఉన్నవాటిలో రెండు మూడు చెబుతాను, నీకు పనికొస్తాయేమో చూసుకో.

మార్చి నాకు టీబీ నెల. మా పెద్ద మేనమామ 1974లో టీబీతో పోయాడు. ఇంట్లో ఆయన గ్లాసు, కంచం విడిగా ఉండేవి. పిల్లలం ఆయన గది వైపు వెళితే దెబ్బలు పడేవి. నర్సునయ్యాక తెలిసింది, గ్లాసు వల్లా కంచం వల్లా టీబీ రాదని, గాలిలో దగ్గు తుంపర్ల వల్ల వస్తుందని, సరైన మందులు మొదలుపెట్టాక కొన్ని వారాల్లోనే ఆ భయం చాలామటుకు తగ్గిపోతుందని. ఆ సంగతి మా అమ్మమ్మకి చెప్పడానికి ఆవిడ లేదు. ఇప్పుడు మామూలు టీబీకి 6 నెలల మందులు ఉచితం. రోగి పోషణకి నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకి 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. టీబీ రోగికి మందు ఎంత ముఖ్యమో తిండి అంతే ముఖ్యం. ఖాళీ కడుపుతో ఆ మాత్రలు మింగి వాంతులు చేసుకుని, మధ్యలో మానేసినవాళ్ళని ఎంతమందిని చూశానో. మానేస్తే జబ్బు మొండికేస్తుంది.

2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అని మొదలుపెట్టారు. ఎవరైనా పేరు నమోదు చేసుకుని, ఒప్పుకున్న టీబీ రోగికి నెలనెలా పౌష్టికాహారం సరుకులు ఇవ్వొచ్చు. బియ్యమో చిరుధాన్యాలో, పప్పులు, నూనె, పాలపొడి లేదా వేరుశనగ, గుడ్లు. దీనికి కనీసం 6 నెలలు మాటివ్వాలి. చూశావా, ఇది నెల పని కాదు. అందుకే దీన్ని ఆ 1,000 ఖాతాలోంచి చేస్తాను. మార్చి నెల 2,000 మాత్రం మా దగ్గర్లోని పీహెచ్‌సీలో అడిగి, వాళ్ళకి అప్పటికి ఏది లోటుగా ఉంటే అది కొనిస్తాను. ఒక ఏడు బరువు చూసే మిషన్ పాడైందన్నారు, అది కొన్నాను. ఫొటో అవసరం లేదన్నా తీశారు. సరే అనుకున్నాను.

ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు. ఈ నెలలో నేను పైసా ఖర్చుపెట్టను. మా అమ్మ కళ్ళు ఇవ్వలేకపోయాం. నర్సుని, నాకు అన్నీ తెలుసు. పోయిన 6 గంటల లోపు తీసుకోవాలని తెలుసు, ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తులో ఉంచాలని తెలుసు. శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చని తెలుసు. కానీ ఇంటినిండా ఏడుస్తున్న పెద్దవాళ్ళ మధ్య, ఆ మాట నేను నోరు తెరిచి అడగలేదు. ముందే ఇంట్లో ఒకసారి మాట్లాడుకుని ఉంటే సరిపోయేది. అందుకని ఆ రెండు వారాలూ తెలిసిన ఇళ్ళకి వెళ్ళి ఆ ఒక్క మాటే మాట్లాడి వస్తాను. దగ్గర్లోని ఐ బ్యాంకు నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించమంటాను. ప్రతిజ్ఞ పత్రం మీద సంతకం పెట్టినా, ఆ సమయానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని ఫోన్ చెయ్యకపోతే అది కాగితమే. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా రామాయమ్మ ఐ బ్యాంకు ఉంది, మీకు అక్కడ సులువు. కొంతమంది నన్ను చూస్తే చాటుకి పోతారు, మంచి రోజున చావు మాటలేంటని. వెళ్తే పోనీ. మొత్తం మీద మూడు ఇళ్ళవాళ్ళు నాకు ఫోన్ చేశారు, ఆ సమయానికి.

రంజాన్ నెల మా వార్డు ఆయా కోసం. ఆవిడ నైట్ డ్యూటీల్లో నాకు పెట్టిన అన్నానికి లెక్క లేదు. ఇప్పుడావిడ లేదు, వాళ్ళ వీధిలో రెండు ఇళ్ళకి పండగకి వారం ముందు సరుకులు ఇస్తాను. పండగ రోజు ఇస్తే వండుకునేదెప్పుడు? రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి నా వరసలో ఆ ఒక్కటీ తిరుగుతూ ఉంటుంది, మిగతావాటిని జరుపుకోవాలి.

ఇప్పుడు మోసాల సంగతి. ముందు మోసం కాని వృథా గురించి చెప్పనీ, దానివల్లే ఎక్కువ డబ్బు పోతుంది. ఒక కార్తీక మాసంలో వృద్ధాశ్రమానికి 25 కిలోల బియ్యం బస్తా తీసుకెళ్ళాను. స్టోర్ రూమ్‌లో అప్పటికే 11 బస్తాలున్నాయి, కింది వాటిలో పురుగు పట్టింది. అందరూ బియ్యమే తెస్తారు, కార్తీకంలోనే తెస్తారు. వాళ్ళకి కావాల్సింది పెద్దవాళ్ళ డైపర్లు, నొప్పుల నూనె, ఒక బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి రాడ్. అవి ఎవరూ తేరు, ఫొటోలో బాగుండవు కదా. ఇంకోసారి మా మనవడి పుట్టినరోజుకి అనాథ పిల్లల ఇంటికి కేకు తీసుకెళ్ళాం. పిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. మాకు ముందు ఒక కుటుంబం వెళ్ళింది, మా తర్వాత ఇంకో కుటుంబం గేటు దగ్గర ఎదురుచూస్తోంది. ఒకే ఆదివారం మూడో కేకు. ఆ పిల్లల్లో ఒకడు పాడుతూ పాడుతూ ఆవలించాడు. మళ్ళీ వెళ్ళలేదు. కాబట్టి ఏది ఇచ్చినా ముందు ఫోన్ చేసి, మీకు ఇప్పుడు ఏది లేదు అని అడుగు. ఏదైనా పర్లేదండీ అంటే, స్టోర్ రూమ్ ఒకసారి చూస్తానని చెప్పు.

ఇక నిజం మోసాలు. ఫోన్‌లో తిరిగే పసిపిల్లల ఫొటోలు, ట్యూబులు, కింద క్యూఆర్ కోడ్. అన్నీ అబద్ధం కాదు. నిజమైనవాళ్ళు కూడా అలాగే అడుగుతారు, అదే కష్టం. నేను చేసేదేంటంటే, ఆసుపత్రి పేరు, ఇన్‌పేషెంట్ నంబరు అడుగుతాను. ఆసుపత్రి రిసెప్షన్ నంబరు ఆ మెసేజ్‌లోంచి కాకుండా విడిగా వెతుక్కుని ఫోన్ చేసి, ఆ నంబరు మీద రోగి ఉన్నారా, బిల్లు నేరుగా ఆసుపత్రి ఖాతాకి కట్టొచ్చా అని అడుగుతాను. నిజమైన కుటుంబమైతే ఈ ప్రశ్నలకి సంతోషిస్తుంది. వద్దండీ, ఈ నంబరుకే వెయ్యండి అని తొందరపెడితే వదిలేస్తాను. తొందర అనేది జబ్బుకి ఉంటుంది, మోసానికీ ఉంటుంది.

సంస్థలకి ఇస్తే రసీదు తీసుకో, అందులో వాళ్ళ పాన్ నంబరు ఉందో లేదో చూడు. పన్ను మినహాయింపు కోసం ఇవ్వట్లేదు అనుకో, అయినా తెలుసుకుని ఉండు. ఇన్నాళ్ళూ 80జి అని పిలుస్తూ వచ్చిన మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, కొత్తదానిలో లేదు. 2,000 దాటి నగదుగా ఇస్తే వర్తించదు. బియ్యం, బట్టలు లాంటి వస్తువులకీ వర్తించదు. చాలా సంస్థలకి ఇచ్చినదానిలో సగమే లెక్కలోకి వస్తుంది, దానికీ పరిమితి ఉంటుంది. సంస్థ నుంచి విరాళం అందినట్టు సర్టిఫికెట్ రావాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది కొత్త విధానంలోనే ఉన్నారు కాబట్టి నీకు ఈ గొడవ లేకపోవచ్చు. అయితే ఒక సంస్థకి ఈ సర్టిఫికెట్ ఇచ్చే అలవాటు ఉందంటే లెక్కలు రాస్తున్నారని అర్థం. నేను దాన్ని అందుకే అడుగుతాను.

నీ నెలల విషయానికి వద్దాం. నువ్వు రాసిన నాలుగు వాక్యాల్లోనే నాలుగు నెలలున్నాయి.

నాన్నగారు కండక్టరు. ఏప్రిల్లో మీ ఊరి బస్టాండులో చలివేంద్రం పెట్టు. చలివేంద్రాలు ఎలా చచ్చిపోతాయో చెబుతాను. మొదటి రోజు బ్యానరు, కొబ్బరికాయ, మజ్జిగ. పది రోజులకి బ్యానరు ఉంటుంది, కుండలో నీళ్ళుండవు. వారానికి కుండ కడిగేవాళ్ళుండరు. కాబట్టి డబ్బు కుండకి పెట్టకు, నీళ్ళు పోసే మనిషికి పెట్టు. బస్టాండులో టీ కొట్టో, పూల కొట్టో నడుపుకునే ఒక మనిషిని చూసుకుని, రోజూ కుండ కడిగి, మంచినీళ్ళు పోసి, మూత పెట్టి, ముంచుకోవడానికి పొడుగు కాడ గరిటె ఉందో లేదో చూసినందుకు ఇంత అని మాట్లాడుకో. రెండు కుండలు, కింద ఇసుక, మీద తడిగుడ్డ. డిపోలో ఒక మాట చెప్పి పెట్టు, నాన్నగారి పేరు చెబితే పాతవాళ్ళు కాదనరు. బ్యానరు వద్దు. కావాలంటే కుండ మీద సున్నంతో ఆయన పేరు రాయించు.

మే నెల రక్తం. మే అని ఎందుకంటున్నానంటే, ఎండాకాలంలో కాలేజీలు మూసేస్తారు, క్యాంపులు ఆగిపోతాయి, బ్లడ్ బ్యాంకుల్లో సంచులు ఖాళీ అవుతాయి. ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటాయి, జనవరిలో ఇచ్చింది మేలో పనికిరాదు. తలసీమియా అని, పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారవ్వని జబ్బున్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం పడాలి, వాళ్ళకి వేసవి సెలవులుండవు. హైదరాబాదులో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఆ పిల్లల కోసమే పనిచేస్తోంది, అక్కడికి వెళ్ళొచ్చు. 18 నుంచి 65 ఏళ్ళ మధ్య, 45 కిలోల పైన, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్ళు 3 నెలలకోసారి, ఆడవాళ్ళు 4 నెలలకోసారి. మన ఆడవాళ్ళలో చాలామందిని ఆ 12.5 దగ్గరే తిప్పి పంపేస్తారు. నిన్నూ పంపితే బాధపడకు, మీ ఆయన్ని పంపు, నువ్వు ముందు నీ రక్తం సంగతి చూసుకో. మన దేశంలో డబ్బుకి రక్తం అమ్మడం సుప్రీంకోర్టు తీర్పుతో 1998 నుంచి పూర్తిగా నిషేధం. అంటే మీ నాన్నగారికి ఎక్కించిన ఆ రెండు సంచులూ ఎవరో ఊరికే ఇచ్చినవే. ఎవరో నీకు ఎప్పటికీ తెలియదు. నువ్వు ఇచ్చింది ఎవరికి వెళ్ళిందో కూడా తెలియదు. ఈ పనిలో నాకు అది బాగా నచ్చుతుంది. ఆ నెల 2,000 మిగిలిపోతుంది కదా, దాన్ని రక్తం ఇచ్చేవాళ్ళని ఆటోలో తీసుకెళ్ళి తీసుకురావడానికి వాడు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద అందరం కడుతూనే ఉన్నాం. అయినా శాఖా గ్రంథాలయంలో ఏ పుస్తకం కావాలన్నా పైనుంచి రావాలి, ఆలస్యమవుతుంది. ఇంట్లో పాత పుస్తకాలు కట్టకట్టి ఇవ్వొద్దు, వాళ్ళకి దుమ్ము దులపడమే పని అవుతుంది. లైబ్రేరియన్‌ని అడిగితే రిజిస్టరు చూసి చెబుతారు. ఈ రోజుల్లో ఎక్కువగా డీఎస్సీ, గ్రూప్స్ చదివే పిల్లలే వస్తున్నారు, కొత్త ఎడిషన్లు కావాలంటారు. నాన్నగారి జ్ఞాపకం అనుకుంటే మాత్రం ఇంకోటుంది. ఆయన చదివిన పేపర్లలో ఏదైనా ఆ లైబ్రరీ ఇప్పుడు తెప్పించడం మానేసిందేమో కనుక్కో. ఒక పేపరు ఏడాది చందా ఒక్కసారే కట్టెయ్యొచ్చు. ఎదురుచూసే పనే, కానీ ఏడాది డబ్బూ ముందే కట్టేస్తున్నావు కాబట్టి మధ్యలో చెయ్యి వదిలినట్టు అవ్వదు. ఆ పొద్దుటి పెద్దమనుషులు ఇంకా అక్కడే కూర్చుని ఉంటారు. వాళ్ళలో ఎవరికో మీ నాన్నగారి కుర్చీ ఏదో తెలుసు.

ఇంకొకటి మిగిలింది, డయాలసిస్. నువ్వు దాన్ని చివరికి నెట్టేస్తావని నా అనుమానం. ఆ మెట్లు మళ్ళీ ఎక్కడం కష్టం. నేను మా అమ్మ పోయిన వార్డులోకి బదిలీ మీద వెళ్ళాల్సి వచ్చినప్పుడు మొదటి వారం నిద్రపోలేదు. అందుకే ముందు దాన్నే చెయ్యమంటాను, ఈ మిగిలిన నాలుగు మాసికాల్లోనే.

ఏం చెయ్యొచ్చో నీకు నాకన్నా బాగా తెలుసు, రెండేళ్ళు అక్కడే కూర్చున్నావు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. డయాలసిస్ ఖర్చు అర్హులకి ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద పోతుంది. పోనిది దారి ఖర్చు, తోడు వచ్చినవాళ్ళ కూలి, వాళ్ళ తిండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు, దగ్గర్లో డయాలసిస్ కేంద్రాలు రాకముందు విశాఖ దాకా వచ్చి పోయేవాళ్ళు. మిషన్ మీద గడిపే సమయం కన్నా బస్సులో గడిపే సమయం ఎక్కువ ఉండేది. ఆసుపత్రిలో పడుకున్న రోగికి భోజనం వస్తుంది. బయట బెంచీ మీద కూర్చున్న పెళ్ళానికో, కొడుకుకో ఎవరు పెడతారు? టీ, రెండు బిస్కెట్లతో సాయంత్రం దాకా లాగిస్తారు. మీ నాన్నగారు ఏ రోజుల్లో, ఏ షిఫ్టులో వెళ్ళేవారో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు, ఆ షిఫ్టుకి, బయట కూర్చున్న వాళ్ళందరికీ ఒక పూట భోజనం. 20, 25 మంది ఉంటారు, 2,000లో వేడిగా పప్పు, కూర, పెరుగుతో పెట్టొచ్చు. దగ్గర్లో వంట చేసి అమ్మే ఆడవాళ్ళకి చెబితే ఇంకా నయం, ఆ డబ్బు కూడా ఒక ఇంటికి పోతుంది. అన్నదానం అని మైకులో చెప్పొద్దు. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి ముందు రోజే ఒక మాట చెప్పు, ఎక్కడ వడ్డించాలో ఆవిడ చూపిస్తుంది.

లోపల రోగులకి మాత్రం నువ్వేమీ పంచకు. పుణ్యానికని వచ్చి అరటిపళ్ళు, బత్తాయిలు, కొబ్బరి బొండాలు మంచం మంచానికీ పెట్టి వెళ్ళేవాళ్ళని చాలామందిని చూశాను. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి వాటిలో ఉండే పొటాషియం ఒంట్లో పేరుకుపోతుంది, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. రోజుకి ఇన్ని గ్లాసులని నీళ్ళు కూడా కొలుచుకు తాగేవాళ్ళు, ఎవరో ప్రేమగా ఇచ్చారని కాదనలేక తాగేస్తారు. వాళ్ళు వెళ్ళిపోగానే మంచం మంచానికీ తిరిగి ఆ పళ్ళన్నీ వెనక్కి తీసుకోవడం మా సిస్టర్ల పని. మా చేత తిట్లు తిన్న దాతలు కూడా ఉన్నారు.

నువ్వు వెళ్ళి వచ్చాక ఎలా జరిగిందో రాయి.